సాధువైన పిల్లి, మాలిమైన పిల్లి



పోయిన నెల బి.పి. క్లినిక్ రోజున ఒక పెద్దావిడ మందుల చీటీ చేతిలో పట్టుకొని నా గది గుమ్మంలోనే నిలబడిపోయారు. "మేట్రనమ్మగారూ, నా బి.పి. సంగతి కాదు, ఇంకొక మాట అడుగుదామని వచ్చాను" అన్నారు. మనవరాలికి తొమ్మిదేళ్లు. పిల్లి కావాలని మూడు నెలలుగా ఇంట్లో ఒకటే గొడవ. కొడుకు పట్నంలో ఒక షాపులో తెల్లని పర్షియన్ కూనను చూసి వచ్చి, అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇటు కోడలికి మూడో నెల. "కరవకుండా, రక్కకుండా, ఒళ్లో పడుకునే జాతి ఏదన్నా ఉందామ్మా? కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో పిల్లి ఉంటే బిడ్డ దక్కదని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. మీరు వద్దంటే వద్దనే చెప్పేస్తాను" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. వచ్చే వారం రమ్మన్నాను. నేను పశువుల డాక్టరును కాను. అయితే ముప్పై ఏళ్లుగా పిల్లి కరిచినవాళ్లకు, రక్కినవాళ్లకు గాయాలు కడిగినదాన్ని, గర్భిణీలకు జాగ్రత్తలు చెప్పినదాన్ని. ఆ వారం రోజులలో కొంత చదివి, తెలిసిన పశువైద్యులను కొంత అడిగి తెలుసుకున్నదానిని ఈ నెల పాఠంగా రాస్తున్నాను.

ఒకసారి ఆదివారపు బడిలో ఒక పిల్ల, "ఆంటీ, బైబిలులో పిల్లి ఎక్కడుంది?" అని అడిగింది. వెదికి చూస్తే మన 66 పుస్తకాలలో కుక్క, గాడిద, గొర్రె, కాకి అన్నీ ఉన్నాయి గాని ఇంట్లో పెంచుకునే పిల్లి ఎక్కడా లేదు. ఐగుప్తులో పిల్లులను ఎంతో గౌరవంగా పెంచేవారు. అయినా మన పితరులు దానిని ఇంట్లోకి రానిచ్చినట్లు కనబడదు. అది వేరే సంగతి.

జాతిని బట్టి స్వభావం ఉంటుందా?

ఉంటుంది, కొంతవరకు. ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయం వారు సుమారు 5,700 పిల్లుల గురించి వాటి యజమానులను ప్రశ్నలడిగి, ఫలితాలను 2019లో ప్రచురించారు. చురుకుదనం, బెదురు, కోపం, మనుషుల దగ్గరకు చేరడం వంటి గుణాలు జాతిని బట్టి మారుతున్నాయని, వారు లెక్కకట్టిన జాతులలో ఆ తేడాలో సుమారు సగం వంశపారంపర్యంగా వచ్చేదేనని తేల్చారు. మిగిలిన సగం పెంపకాన్ని, పరిసరాలను బట్టి ఉంటుందన్నమాట.

అందులో నాకు ఆశ్చర్యం కలిగించినది ఒకటి ఉన్నది. బ్రిటిష్ షార్ట్‌హెయిర్ అనే జాతి గుండ్రని ముఖంతో, దట్టమైన పొట్టి బొచ్చుతో చూడముచ్చటగా ఉంటుంది. అన్ని పుస్తకాలూ దానిని సాధువైన పిల్లి అంటాయి. నిజమే, పరిశీలనలో అన్నిటికంటే తక్కువ గంతులు వేసేది అదే. కాని మనుషుల దగ్గరకు తనంతట తాను చేరడంలో కూడా అదే అందరికంటే వెనుక ఉన్నది. అంటే సాధుగుణం వేరు, మాలిమి వేరు. పక్కన కూర్చుంటుంది గాని ఒళ్లోకి రాదు. ఎత్తుకుంటే జారిపోతుంది. పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇంటికి అది సరిపోవచ్చు. ఎప్పుడూ ఎత్తుకొని తిరగాలనుకునే తొమ్మిదేళ్ల పిల్లకు సరిపోదు. తిప్పి చూస్తే సయామీ పిల్లి ఉన్నది. మనిషిని వదలదు, వెంట వెంటనే తిరుగుతుంది, ప్రేమకు లోటు లేదు. కాని నోరు ఆగదు. నైట్ డ్యూటీలో నిద్రపట్టని పేషెంటులాగా పిలుస్తూనే ఉంటుంది.

రెండు గుణాలూ కలిసినదిగా పేరు పొందినది ర్యాగ్‌డాల్. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆన్ బేకర్ అనే ఆమె 1960ల్లో ఈ జాతిని తయారుచేశారు. ఎత్తుకుంటే చాలావరకు గుడ్డబొమ్మలాగా చేతులలో వాలిపోతుంది గనుక ఆ పేరు వచ్చింది. నీలి కళ్లు, పెద్ద ఒళ్లు. మగది ఏడెనిమిది కిలోలు తూగుతుంది. వీటికి నొప్పి తెలియదని ఆ రోజులలో ఒక ప్రచారం జరిగింది. అది శుద్ధ అబద్ధం. ఏమీ అనదు గదా అని పిల్లలు తోక పట్టి లాగితే దానికీ మనలాగే నొప్పి పుడుతుంది. ఈ జాతిలో కొన్నిటికి గుండె కండరం మందమయ్యే వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. దానికి కారణమైన జన్యువును 2007లో కనుగొన్నారు, రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. బర్మన్ అనే జాతి కూడా ఇంచుమించు ఇలాంటి స్వభావమే గాని మన ప్రాంతంలో దొరకడం అరుదు.

పర్షియన్ గురించి కొంచెం వివరంగా

మన పట్నాలలో అమ్మకానికి ఎక్కువగా కనబడేది ఇదే గనుక దీని గురించి ఎక్కువ రాయాలి. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మొదటి పెద్ద పిల్లుల ప్రదర్శన నాటికే పొడవు బొచ్చు పిల్లులంటే అక్కడివారికి మోజు. పర్షియన్ నిజంగానే నెమ్మదస్తురాలు. గొంతు చిన్నది, అల్మారాలు ఎక్కదు, పెట్టినచోట పడుకుంటుంది.

అయితే మా వార్డులలో ఒక అలవాటు ఉన్నది. రౌండ్సుకు వెళ్లినప్పుడు కేకలు వేసే పేషెంటు దగ్గరకంటే ఏ సడీ లేకుండా పడుకొని ఉన్న పేషెంటు దగ్గరకు ముందు వెళతాము. కొత్తగా చేరిన నర్సింగ్ విద్యార్థినులకు మొదటి వారంలోనే నేర్పే మాట ఇది. పిల్లుల విషయంలోనూ ఇదే చూడాలని నా అభిప్రాయం. అది సాధువుగా ఉన్నదా, లేక ఊపిరి ఆడక, నొప్పికి కదలలేక ఊరకున్నదా?

షాపులలో పర్షియన్‌ను 'డాల్ ఫేస్', 'పంచ్ ఫేస్' అని రెండు రకాలుగా అమ్ముతారు. పంచ్ ఫేస్ అంటే ముక్కు లోపలికి నొక్కుకుపోయి, రెండు కళ్ల మధ్యకు వచ్చినది. దానికే ధర ఎక్కువ. ఆ ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి. కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం వంకరపోయి, కళ్లవెంట ఎప్పుడూ నీరు కారుతుంది. పై దవడ పొట్టిదై పళ్లు సరిగా కలవవు. మే నెల ఎండలో మనమే తట్టుకోలేము. పిల్లికి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ఒళ్లు నాకి తడి చేసుకోవాలి, మరీ వేడైతే రొప్పాలి. ఒంటినిండా ఉన్ని కోటు, పైగా మూసుకుపోయిన ముక్కు ఉన్న ప్రాణి కోస్తా ఎండకాలంలో ఎలా ఉంటుందో ఆలోచించండి. తప్పనిసరిగా పర్షియన్‌నే తెచ్చుకోవాలంటే ముక్కు బాగా కనబడే డాల్ ఫేస్‌నే తీసుకోండి. నిద్రపోతున్నప్పుడు గురక వినబడుతోందేమో వినండి.

రోజూ పావుగంట దువ్వాలి. దువ్వకపోతే చంకలలో, తొడలలో బొచ్చు జడలు కట్టి, కింద చర్మం పుండు పడుతుంది. ఆ పని చేసేది మనవరాలు కాదు, వారం తిరిగేసరికి నాయనమ్మే.

ఇంకొకటి మూత్రపిండాలలో నీటి తిత్తులు ఏర్పడే వ్యాధి. తల్లి, తండ్రులలో ఒక్కరికి ఉన్నా చాలు, కూనలలో ఇంచుమించు సగానికి వస్తుంది. చిన్నప్పుడు ఏమీ తెలియదు. నడివయసులో తిండి మానేసి, నీళ్లు ఎక్కువగా తాగుతూ చిక్కిపోతుంది. దీని జన్యులోపాన్ని 2004లో కనిపెట్టారు. కూనను కొనేముందు తల్లిదండ్రులకు ఈ పరీక్ష గాని స్కానింగ్ గాని చేయించారా అని అడగండి. "అదేమిటి?" అని షాపువారు తిరిగి అడిగితే మీకు జవాబు దొరికినట్లే.

మా ఓ.పి.కి సంబంధించినది తామర. పొడవు బొచ్చులో తామర కలిగించే శిలీంధ్రం దాగి ఉంటుంది. పర్షియన్ పిల్లులలో ఇది తరచుగా కనబడుతుంది, పిల్లి పైకి శుభ్రంగానే ఉండవచ్చు. దానిని మెడకు హత్తుకొనే పిల్లలకు మెడమీద, ముంజేతులమీద గుండ్రని మచ్చలు వస్తాయి. అప్పుడు చాలామంది మందుల షాపులో అడిగి, స్టీరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి రాస్తారు. రెండురోజులు దురద తగ్గి, తరువాత మచ్చ ఇంకా విస్తరిస్తుంది. అలా చేయవద్దు. పిల్లకూ పిల్లికీ ఒకేసారి వైద్యం జరగాలి. లేకపోతే ఒకరినుండి ఒకరికి అంటుకుంటూనే ఉంటుంది.

స్కాటిష్ ఫోల్డ్ అని చెవులు ముందుకు మడిచి ఉండే మరొక జాతి కూడా ఫొటోలలో చూసి అడుగుతున్నారు. 1961లో స్కాట్లాండ్‌లో ఒక పొలంలో కనబడిన పిల్లి సంతతి ఇది. చెవి మడతపడటానికి కారణం మృదులాస్థిలో లోపం. ఆ లోపం చెవిలో మాత్రమే ఉండదు, ఒంట్లోని కీళ్లన్నిటిలో ఉంటుంది. తోక బిగుసుకుపోతుంది, కాళ్లు వాచిపోతాయి. బొమ్మలాగా కదలక కూర్చోవడం చూసి ఎంత సాధువో అనుకుంటారు. దయచేసి దీనిని కొనకండి.

నాటుపిల్లి సంగతి

మన ఇళ్ల చుట్టూ తిరిగే నాటుపిల్లికి పొట్టి బొచ్చు, పొడవు ముక్కు, ఈ ఎండకు తగిన ఒళ్లు ఉన్నాయి. దొంగబుద్ధి అని దానికి పేరు. అయితే అది ఎక్కువగా మనం దానిని చూసిన వయసును బట్టి వచ్చిన పేరు. పిల్లికూనకు రెండో వారం నుండి ఏడో వారం వరకు ఉన్న కాలం చాలా ముఖ్యం. ఆ రోజులలో రోజుకు అరగంటకు తగ్గకుండా, ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులు మెల్లగా ఎత్తుకొని నిమిరితే అది జీవితమంతా మనిషిని నమ్ముతుంది. ఆ కాలమంతా గోడ సందులో మనిషి వాసన తెలియకుండా గడిచిన కూన తరువాత ఎంత పాలు పోసినా దూరం దూరంగానే ఉంటుంది. తండ్రి పిల్లి ధైర్యం గలదైతే కూనలకు కూడా బెదురు తక్కువ ఉంటుందని పరిశోధకులు చెబుతారు. కాని పిల్లుల విషయంలో తండ్రిని చూపించగలిగేవారెవరు?

తల్లినుండి తొందరగా వేరుచేయడం ఇంకొక పొరపాటు. హెల్సింకి వారే 2017లో వెలువరించిన మరొక పరిశీలనలో, ఎనిమిది వారాలకు ముందే తల్లిని వదిలిన పిల్లులలో కోపం, కరవడం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. పన్నెండు వారాలు దాటేవరకు తల్లి దగ్గర ఉంచితే మంచిది. తోబుట్టువులతో కుస్తీపట్టి, గట్టిగా కరిస్తే ఎదుటిది అరిచి వెళ్లిపోతుందని ఆ వారాలలోనే నేర్చుకుంటుంది. గుప్పెడంత ఉన్నప్పుడే ముద్దొస్తుందని ఐదో వారంలో తెచ్చుకొని, తరువాత అది కరుస్తోందని బాధపడేవాళ్లను చూశాను.

కూనను ఎంచుకొనేటప్పుడు నేలమీద కూర్చోండి. చేయి చాచి ఊరకుండండి. ఒక నిమిషంలో వచ్చి వేలు వాసన చూసి, బుగ్గ రాసుకొనేది మీ పిల్ల. మూలకు నక్కి బుస్సుమనేదానిని జాలిపడి తెచ్చుకోవద్దు, చిన్నపిల్లలున్న ఇంటికి అసలే వద్దు.

పిల్లలకు కూడా కొంత నేర్పాలి. వెనుక కాళ్ల కింద చేయి పెట్టి ఎత్తుకోవాలి. పొట్ట తాకవద్దు. తోక అటూ ఇటూ కొట్టుకుంటే కుక్కలాగా సంతోషం కాదు, అది కోపం. చెవులు వెనక్కు వాలితే వెంటనే దించేయాలి. ఏ జాతి పిల్లి అయినా నూటికి తొంభైసార్లు ముందు చెప్పే కరుస్తుంది.

కరిస్తే, రక్కితే

కొన్నేళ్ల క్రితం ఒక ఏడేళ్ల బాబును మూడో రోజున తీసుకొని వచ్చారు. పెంపుడు కూన ఆటలో వేలు కరిచింది. ఇంట్లో పుట్టిన పిల్లే గదా అని సున్నం, కారం పెట్టి కట్టారు. వేలు వంకాయలా వాచి ఉన్నది, చంకలో బిళ్ల కట్టింది. వారం రోజులు అడ్మిట్ చేయవలసి వచ్చింది. ఆ వేలు తరువాత కూడా పూర్తిగా ముడవలేకపోయాడు. పిల్లి పన్ను సూదిలాంటిది. పైకి చుక్కంత కనబడుతుంది గాని లోతుకు దిగి, సూక్ష్మజీవులను లోపల వదిలి, పైన మూసుకుపోతుంది. పన్నెండు గంటలు తిరగకముందే వాపు మొదలవుతుంది.

అంతకంటే పెద్ద భయం రేబిస్. అది కుక్కకే వస్తుందని చాలామంది అనుకుంటారు. పిల్లికీ వస్తుంది, పిల్లినుండి మనిషికీ వస్తుంది. లక్షణాలు కనబడిన తరువాత ప్రాణం నిలబెట్టడం దాదాపు అసాధ్యం. కాబట్టి పిల్లి కరిచినా, రక్కినా వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి, జిల్లేడుపాలు ఏవీ పెట్టవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. తరువాత ఆసుపత్రికి రండి. రక్తం రాని గీతకు కూడా టీకా కావాలి. రక్తం వస్తే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజులు. కండరానికి ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా కలిపి ఐదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం. మధ్యలో మానేయాలా వద్దా అన్నది డాక్టరుగారు చెప్పాలి, పక్కింటివారు కాదు.

మీ పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తరువాత ఏటేటా బూస్టరు వేయించి, కార్డు జాగ్రత్త చేయండి. ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే మగపిల్లి ఊరు తిరగడం, కొట్లాడటం, మూలమూలల్లో మూత్రం చల్లడం బాగా తగ్గుతాయి. మెత్తని స్వభావం కావాలనుకునేవారికి జాతికంటే ఈ ఆపరేషనే ఎక్కువ ఉపయోగపడుతుందంటే నమ్మండి.

కడుపుతో ఉన్నవారి ఇంట్లో

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1998లో నేను ప్రసూతి వార్డు ఇన్‌ఛార్జిగా ఉన్నప్పుడు, మా స్టాఫ్ నర్సు ఒకామెకు నెల తప్పింది. ఆమె ఇంట్లో ఆరేళ్లుగా ఒక పిల్లి ఉండేది. "ముందు దాన్ని వదిలించుకో" అని నేనే గట్టిగా చెప్పాను. ఆమె భర్త గోనెసంచిలో వేసి కాలువ అవతల వదిలి వచ్చాడు. రెండు రోజులు ఆమె డ్యూటీలో కళ్లు తుడుచుకుంటూ తిరిగింది. నేను పిల్లి గురించి అడిగాను గాని, ఆమె రోజూ మాంసం కోసే కత్తిపీట గురించి ఒక్క మాటైనా అడగలేదు.

టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణికి మొదటిసారి సోకితే బిడ్డకు ప్రమాదమన్న మాట నిజమే. కాని ఆ జీవి పిల్లి బొచ్చులో ఉండదు, నిమిరితే రాదు. పచ్చిమాంసం, ఎలుకలు తిన్న పిల్లి, సాధారణంగా జీవితంలో మొదటిసారి సోకినప్పుడు మాత్రమే, ఒకటి నుండి మూడు వారాలపాటు మలంలో దానిని వదులుతుంది. ఆ మలం కూడా వెంటనే అంటించదు, ఒకటి నుండి ఐదు రోజులు గడవాలి. కాబట్టి మలం పెట్టెను రోజూ శుభ్రం చేస్తే చాలావరకు ప్రమాదం పోతుంది. ఆ పని భర్తగాని అత్తగారుగాని చేయాలి. ఎవరూ లేకపోతే గ్లవుజులు వేసుకొని చేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మాంసం ఉడికీ ఉడకనిది తినడం, పచ్చిమాంసం తరిగిన కత్తిపీటతోనే కూరగాయలు తరగడం, కడగని ఆకుకూరలు, చేతులకు ఏమీ లేకుండా పెరటి మట్టి తవ్వడం – జబ్బు వచ్చే దారులు ఇవే ఎక్కువ. ఇంట్లోనే ఉండి, ఉడికించిన తిండి తినే పిల్లివలన ప్రమాదం చాలా తక్కువ. అయితే కడుపుతో ఉన్నప్పుడు వీధిలో దొరికిన కొత్త కూనను తెచ్చుకోకుండా ఉంటే మంచిది. బిడ్డ పుట్టాక ఊయలలోకి పిల్లిని రానివ్వవద్దు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఏ జాతీ పనికిరాకపోవచ్చు. ఎలర్జీ కలిగించే పదార్థం పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉంటుంది గనుక బొచ్చు తక్కువైనంత మాత్రాన తగ్గదు.

తిండి, మందుల విషయం క్లుప్తంగా రాస్తాను. పెరుగన్నం పెట్టి పెంచామంటారు. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపలనుండే రావాలి, లేకపోతే గుండె, కళ్లు చెడతాయి. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన చేప, కోడిమాంసం, కాలేయం కొద్దిగా పెట్టండి, పిల్లుల కోసం తయారుచేసిన మేత కూడా కలపండి. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ వేయవద్దు, మన 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలు దాని ప్రాణం తీయడానికి. కుక్కల గోమార్లకు వాడే పర్మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే. ఈస్టరు ఆరాధనకు మందిరంలో పెట్టిన లిల్లీలను ఇంటికి తెచ్చుకొనే అలవాటు మనలో కొందరికి ఉన్నది. దండలలో కట్టే సన్నని లిల్లీపూలు కావు నేను చెప్పేది, బొకేలలో వచ్చే బాకాలాంటి పెద్ద పూలు. ఆకు నమిలినా, ఒంటిమీద పడిన పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు రెండు మూడు రోజులలో పాడైపోతాయి.

చెప్పినట్లే ఆ పెద్దావిడ మరుసటి వారం వచ్చారు. ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, వాళ్ల చెల్లెలి ఇంట్లో పెంపుడు పిల్లి నాలుగు కూనలను పెట్టిందని, వాళ్ల పిల్లలు రోజూ ఎత్తుకొని తిరుగుతున్నారని, వాటికి ఇప్పుడు ఐదు వారాలని చెప్పారు. "ఇంకా ఏడు వారాలు ఆగాలా అమ్మా? అది ఊరుకుంటుందా?" అన్నారు. ఆదివారం ఆదివారం ఆరాధన అయ్యాక మనవరాలిని తీసుకెళ్లి ఓ అరగంట కూనలతో కూర్చోబెట్టమన్నాను. మలం పెట్టె బాధ్యత కొడుక్కి అప్పగిస్తానని, షాపులో అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని చెప్పి నవ్వారు. ఆ రోజు ఆవిడ బి.పి. 160/90 ఉన్నది. ఈ పిల్లి హడావుడిలో పొద్దున మాత్ర వేసుకోవడం మరచిపోయారట.